పెద్దకోడలి పాలు

ఆ ఇంట్లో చిన్నకోడలు అడుగుపెట్టేనాటికే పెద్దకోడలు ఉంది. నాలుగు కాళ్లు, నుదుట తెల్లమచ్చ, ఎవరు పిలిచినా ఒక పట్టాన తల తిప్పని పొగరు. అత్తగారికి ఒక్కడే కొడుకు. అతనికి సంబంధం ఎంతకీ కుదరకపోవడంతో, ఇంక ఈ ఇంటికి కోడలివైనా కూతురివైనా నువ్వేనే అని ఆవిడ పాలు పితుకుతూ ఆవుతో చెప్పుకునేది. చెప్పగా చెప్పగా అది కోడలైపోయింది. తీరా అబ్బాయికి పెళ్లి కుదిరేసరికి హోదాల పేచీ వచ్చింది. ముందు వచ్చింది ఆవే కాబట్టి అది పెద్దకోడలు, ఈ వచ్చేది చిన్నకోడలు అని అత్తగారే తీర్పు చెప్పింది. చిన్నకోడలికి ఆ తీర్పు ఎంత నచ్చిందంటే, ఆఫీసులో ఎవరు అడిగినా అడక్కపోయినా "మా తోడికోడలు ఇవాళ అలిగి గడ్డి ముట్టలేదు" అంటూ కబుర్లు మొదలుపెట్టేది.

ఆమె ఆఫీసంటే పశువుల జబ్బుల పరిశోధనశాల. పశువైద్యం చదువుకుని, పశువుల నుంచి మనుషులకు ఏమేం అంటుకుంటాయో, పాలలో మాంసంలో గుడ్లలో ఏమేం దాక్కుని వస్తాయో చూసే విభాగంలో చేరింది. ఒకరోజు ఆ భవనంలో లిఫ్టు మొరాయించి రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఆమె ఒక్కతే. బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కు తలుపు సందులోంచి, భయపడకండి, ఇక్కడ మీరేం చేస్తుంటారు అని మాట కలిపాడు. పాలు పరీక్ష చేస్తుంటానంది. అయితే మా అమ్మ ఆవును మీరు చూడాల్సిందే అన్నాడు. లిఫ్టు బాగైంది. అయినా అతను మర్నాడు ఒక పాలసీసా పట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత ఇంకోటి. చివరికి ఏ సాకూ దొరక్క ఆవు నెత్తురు కూడా తీయించి తెచ్చాడు. ఏ దోషమూ లేదని తేలింది. ఇంత ఆరోగ్యమైన ఆవున్న ఇంటికి పిల్లనివ్వడానికి ఇంకా ఆలోచన దేనికని పరిశోధనశాలంతా నవ్వుకుంది.

పెళ్లయ్యాక పెద్దకోడలికి కూడా అక్కడ ఉద్యోగం దొరికింది. రోజూ పాడివాళ్ల దగ్గర్నుంచి వచ్చే పాలను పరీక్షకు పెట్టేటప్పుడు, పక్కన రెండు గొట్టాలు తప్పనిసరిగా ఉండాలి. ఒకదాంట్లో జబ్బు ఉందని తెలిసిన పాలు, రెండోదాంట్లో లేదని తెలిసిన పాలు. ఆ రెంటితో పోల్చి చూసే మిగతావాటి సంగతి తేలుస్తారు. జబ్బులేని పాలు అంతకుముందు ఒక ఫారం నుంచి వచ్చేవి. ఫారం మూతపడింది. మా ఇంటి పాలు నేను తెస్తాను, నెత్తురు పరీక్ష నెగ్గిన ఆవు అని చిన్నకోడలు చెయ్యెత్తింది. ఆ విభాగానికి పెద్దావిడ, అందరూ పెద్దమేడం అనే ఆవిడ, సరేనంది. అప్పటినుంచి చిన్నకోడలు ముందురోజు సాయంత్రం పాలు ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే బుల్లి స్టీలు సీసాలో పోసుకుని సంచీలో వేసుకుని వెళ్లేది. బస్సులో ఆ సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం కూడా ఆమెకు సరదాగానే ఉండేది.

అసలామెకు ఆ రోజుల్లో సరదాగా లేనిదేమిటి? ఖాళీ గిన్నెలో మొదటి ధారలు పడే చప్పుడు సరదా. పొదుగు నిండి, ఆవు పాలు చేపే ముందు అత్తగారు దాని వీపు నిమురుతూ చెప్పే ఊసులు సరదా. అన్నిటికంటే, మొగుడు గ్లాసు పట్టుకుని వచ్చి తల్లి పక్కన గొంతుక్కూర్చోవడం. నురగ కట్టిన గుమ్మపాలు వెచ్చవెచ్చగా గ్లాసులో పట్టించుకుని ఒక్క గుక్కలో తాగేసి, మూతి మీద తెల్లని మీసంతో లేచేవాడు. ఆ మీసం తుడిచే పని చిన్నకోడలిది. అత్తగారు ఆ కాసేపూ ఆవు తోకలో ఏదో వింత కనబడినట్టు అటే చూసేది.

పచ్చిపాలు తాగకూడదని పాడివాళ్ల సభల్లో మైకు పట్టుకుని చెప్పేది ఈ చిన్నకోడలే. గోడల మీద అంటించే బొమ్మలు గీయించిందీ ఆమే. ఇంట్లో కూడా ఒకసారి అని చూసింది. "నువ్వే కదా పాస్ చేశావు దాన్ని, ఇంక నాకేం భయం" అన్నాడు మొగుడు, తెల్లమీసంతో. ఆమె కొంగుతో ఆ మీసం తుడిచేసింది.

ఇలా సాగుతుండగా ఒక పొద్దున పెద్దకోడలి పాల గొట్టంలో ఊదారంగు తేలింది.

ఆ పరీక్ష చూడటానికి చాలా తేలిక. సన్నని గాజు గొట్టంలో కాసిని పాలు పోసి, ఊదారంగు మందు ఒక చుక్క వేసి కలిపి, వెచ్చని పెట్టెలో కాసేపు ఉంచాలి. ఆ మందులో ఉండేవి చంపి రంగు పట్టించిన బ్రూసెల్లా క్రిములు. చూడి ఆవుకు ఈ జబ్బు సోకితే నెలలు నిండకముందే దూడ పడిపోతుంది, పాలలోకీ క్రిమి దిగుతుంది, అక్కడ్నుంచి మనిషికి అంటుకుంటుంది. జబ్బు సోకిన ఆవు పాలైతే మందులోని రంగు మీగడతోపాటు పైకి తేలి, గొట్టం మూతి దగ్గర ఊదా ఉంగరంలా నిలుస్తుంది. జబ్బు లేకపోతే మీగడ తెల్లగానే ఉంటుంది.

గొట్టాలు బయటికి తీసే పని టెక్నీషియన్‌ది. క్షణం అటూ ఇటూ కానివ్వడు కాబట్టి అతనికి గడియారం అని పేరు పడిపోయింది. అతను గొట్టాలు వెలుతురుకు పెట్టి చూసి, వాటి మీది చీటీలు ఇంకోసారి చదువుకున్నాడు. చిన్నకోడలు అప్పుడు సాయంత్రం కొనబోయే కిటికీ తెరల రంగు గురించి ఎవరికో వర్ణిస్తోంది.

"అమ్మా, పెళ్లికూతురు గారూ, గొట్టాలు తారుమారు చేశారా?" అన్నాడు గడియారం.

చెయ్యలేదని ఆమెకు తెలుసు. అయినా చేసే ఉంటానంది. ఆ ధ్యాసలో ఏం చేశానో ఏమిటో అని నవ్వింది కూడా. మళ్లీ పెట్టారు. మళ్లీ ఉంగరం. మందు పాడైపోయి ఉంటుందని కొత్త సీసా తెరిచారు. కొత్త మందుతో ఉంగరం ఇంకా స్పష్టంగా తేలింది, కంపాసుతో గీసినట్టు.

అప్పుడు గడియారం నెమ్మదిగా ఇంకో సంగతి బయటపెట్టాడు. నిన్నా మొన్నా కూడా ఆ గొట్టంలో మీగడ మరీ తెల్లగా లేదట. కాస్త ఊదా నీడ ఉందట. "మీ ఇంటి పాలు కదమ్మా, నా కళ్లదే తప్పనుకున్నాను" అన్నాడు.

ఆ మాటతో చిన్నకోడలు వెనకటి రోజుల రికార్డు పుస్తకం ముందుకు లాక్కుంది. ఎందుకంటే ఆ నీడను తెలుపు అనుకున్న రోజుల్లో, పక్క గొట్టాల్లోని అలాంటి నీడల్ని కూడా తెలుపనే రాసి ఉంటారు. ఎవరి పాలకో ఏమీ లేదని చెప్పి పంపేసి ఉంటారు. ఊళ్లో పాలన్నింటినీ కొలిచింది తన పాలతో. తన పాలను మాత్రం ఎవరూ కొలవలేదు. పెళ్లికి ముందెప్పుడో, ఒక మనిషి సీసాలు పట్టుకుని తనకోసం మెట్లెక్కి వస్తున్న రోజుల్లో చేసిన పరీక్ష అది. ఆ కాగితం మీద సంతకం పెడుతూ తను ఎంత మురిసిపోయిందో ఆమెకు గుర్తుంది. ఆ తర్వాత మళ్లీ నెత్తురు తీయాలన్న ఆలోచనే రాలేదు. ఇష్టమైనదాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించాలని ఎవరికి తోస్తుంది?

పెద్దమేడం వచ్చి గొట్టాలు చూసింది. చల్లపెట్టెలో దాచి ఉన్న పాత నమూనాలన్నీ మళ్లీ పరీక్ష చెయ్యమని గడియారానికి చెప్పి, చిన్నకోడలిని తన గదికి పిలిచింది. ఒక్క ఆవు పాలకు ఈ పరీక్ష అంత నమ్మదగింది కాదనీ, పొదుగు వాచినా, ఆవు వట్టిపోయే రోజులైనా ఇలాగే రంగు తేలుతుందనీ, నెత్తురు చూడందే ఏదీ గట్టిగా చెప్పలేమనీ అంది. ఇవన్నీ చిన్నకోడలు అప్పటికే తనకు తాను చెప్పుకున్నవే. అయినా పై అధికారి నోట వినడం ఎంతో హాయిగా ఉంది. అంతలో పెద్దమేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంట్లో పచ్చిపాలు తాగేవాళ్లున్నారా?"

చిన్నకోడలి కళ్ల ముందు తెల్లమీసం కదిలింది. తలూపింది.

"ఆ ఆవు నీ అత్తగారిది కాదు, ముక్కూమొహం తెలియని ఎవరిదో అనుకో. ఇవాళ వాళ్లకి ఏం చెప్తావు?"

"నెత్తురు పరీక్ష తేలేదాకా పాలు ఎవరికీ పొయ్యొద్దని, కాచకుండా చుక్క కూడా ముట్టొద్దని చెప్తాను మేడం."

"మరింకేం. వెళ్లి చెప్పు" అని పెద్దమేడం కళ్లజోడు పెట్టుకుని తన పనిలో పడింది.

చెప్పడం అంత తేలికైతే ఇంకేం కావాలి. బస్సులో కూర్చుని చిన్నకోడలు పదేపదే మాటలు కూర్చుకుంది, చెరిపేసుకుంది. సంచీలో నెత్తురు తీసే సూదులు ఉన్నాయి. ఆ ఇంట్లో తనకింకా ఏ గిన్నె ఎక్కడుంటుందో పూర్తిగా తెలియదు. అత్తగారు తనని కూర్చోబెట్టి తల దువ్వుతుంది. బయటికి వెళ్లేటప్పుడు గుమ్మందాకా వచ్చి నిలబడుతుంది. తనకు తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంత వయసొచ్చాక మళ్లీ ఒకరు జడ వెయ్యడమంటే ఏమిటో ఆ అత్తగారికి తెలియకపోవచ్చు, చిన్నకోడలికి తెలుసు. జబ్బు ఖాయమైతే ఆవును ప్రభుత్వం వాళ్లు తీసుకుపోతారు. అది మళ్లీ తిరిగి రాదు. వచ్చీరాగానే తోడికోడల్ని వెళ్లగొట్టింది అన్న మాట పుడుతుంది. అంతకాలం నవ్వుకున్న పరాచికమే అప్పుడు ముల్లై గుచ్చుకుంటుంది. ఆ తర్వాత అత్తగారు తల దువ్వినా ఆ చేతిలో వెనకటి ఇష్టం ఉంటుందా?

ఇంటికి చేరేసరికి అత్తగారు పొద్దుండగానే దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఒళ్లు అలిసిందే, ఏం లేదు అంది. మొగుడు వెనక మెట్ల మీద కూర్చుని చేతులకు అంటిన లిఫ్టు గ్రీజు కడుక్కుంటున్నాడు. ఆమె పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. అతను చాలాసేపు సబ్బు రుద్దుకుంటూనే ఉండిపోయాడు. తర్వాత, ఇంకా ఖాయం కాలేదు కదా, అమ్మకు ఇప్పుడే ఎందుకు, రేపు మామూలు పరీక్ష అని చెప్పి నెత్తురు తీద్దాం, తేలాక చూద్దాం అన్నాడు. మరి పాలు? పొరుగిళ్లకు పోసే పాలు ఎలాగూ వాళ్లు కాచుకుంటారన్నాడు. అందరూ కాచుకుంటారని ఎవరు చూశారు అని ఆమె అడగలేదు. ఒక్కరోజు కదా అనుకుంది. మనసు అలాంటి మాటల్ని ఎంత ఇష్టంగా తాగేస్తుందో.

మర్నాడు పొద్దున అత్తగారు ఎప్పటిలాగే పాలకు కూర్చుంది. తల ఆవు డొక్కకు ఆనించి, కళ్లు మూసుకుని పితుకుతోంది. అది అలవాటు అనుకునేది చిన్నకోడలు. ఆ రోజు చూస్తే ఆవిడ తల నిలపలేక ఆనించినట్టు అనిపించింది. అంతలో మొగుడు వచ్చాడు. చేతిలో గ్లాసు. తల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆవిడ అలవాటుగా గ్లాసులోకి ధార పట్టింది. నురగ పొంగింది.

చిన్నకోడలికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తాగకపోతే ఏమైందిరా అని అమ్మ అడుగుతుంది. అమ్మకు అనుమానం రాకూడదు. అందుకని అతను అన్నీ తెలిసే తాగబోతున్నాడు. ఆమె వైపు చూసి, ఏం కాదులే అన్నట్టు కనుబొమ ఎగరేసి, గ్లాసు పెదాల దాకా తెచ్చాడు.

ఆమె రెండంగల్లో వెళ్లి గ్లాసును చేత్తో కొట్టింది. పాలు అతని చొక్కా మీద, గడ్డి మీద, ఆవు కాలి మీద చిందాయి. ఆవు ఉలిక్కిపడి పక్కకు జరిగింది.

"జారిందా?" అంది అత్తగారు కళ్లు తెరిచి.

"లేదత్తయ్యా. నేనే కొట్టాను. మీకొకటి చెప్పాలి."

చెప్పింది. బస్సులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. ఊదా ఉంగరం, పాత పరీక్ష, తన పొరపాటు, నిన్నంతా నోరు మూసుకోవడం, అన్నీ కలగాపులగంగా చెప్పింది. అత్తగారు వింటూనే పితకడం పూర్తిచేసింది. పొదుగు సగంలో వదిలేస్తే ఆవుకు నొప్పి. గిన్నె పక్కకు పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది:

"ఇది మనుషులకొస్తే ఎలా ఉంటుంది?"

"సాయంత్రాలు జ్వరం వస్తుంది. చెమటలు పట్టి తగ్గిపోతుంది, కొన్నాళ్లుండి మళ్లీ వస్తుంది. నడుము, కీళ్లు నొప్పులు. మామూలు జ్వరమే కదా అని ఎవరూ..."

ఆమె ఆగిపోయింది. తువ్వాలుతో తుడుచుకుంటున్న అత్తగారి చేతులు కూడా ఆగిపోయాయి.

"అత్తయ్యా, ఎన్నాళ్లుగా?"

ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుంది. ఆవు నుదుటి తెల్లమచ్చ మీద వేలితో రాస్తూ నిలబడింది. "నువ్వొచ్చిన నెల నుంచి" అంది చివరికి.

కొడుకు లేచి నిలబడ్డాడు. చొక్కా మీంచి పాలు కారుతున్నాయి. మరి నాకెందుకు చెప్పలేదమ్మా అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది.

"నీకు చెబితే నలుగురికీ తెలుస్తుంది. కొత్తకోడలు అడుగుపెట్టింది, అత్త మంచం పట్టింది అంటారు. ఆ మాట ఈ పిల్ల చెవిన పడటం నాకిష్టం లేదు. రెండు మాత్రలు వేసుకుంటే తగ్గిపోతోంది కదా అనుకున్నాను" అంది అత్తగారు. ఆవిడ కోడలి వైపు కాకుండా ఆవు వైపే చూస్తూ ఈ మాటలంది.

చిన్నకోడలు అక్కడే గడ్డి మోపు మీద కూర్చుంది. ఆవిడ ఇష్టం పోతుందని ఇంట్లో ఈమె ఒక్కరోజు నోరు మూసుకుంది. ఈమె మనసు నొచ్చుకుంటుందని ఆవిడ ఇన్నాళ్లూ జ్వరాన్ని దుప్పటి కింద దాచింది. రెండు దాపరికాలూ ఒకే గిన్నెలోంచి తాగుతూ పెరిగాయి. ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు.

కారణం కూడా అప్పుడే బయటపడింది. ఆవు నెత్తురు పరీక్ష అయ్యాక, పెళ్లికి కొద్దిరోజుల ముందు, అత్తగారి తమ్ముడు ఇల్లు మారుతూ తన చూడి ఆవును కొన్నాళ్లు వీళ్ల కొట్టంలో కట్టేశాడు. అది ఇక్కడే ఈసుకుపోయింది, కడుపు నిలవలేదు. నెలలు నిండని దూడనూ మాయనూ అత్తగారే ఉత్త చేతులతో ఎత్తి, దూరంగా తీసుకెళ్లి పాతిపెట్టింది. కూరలు తరుగుతూ తెగిన వేలు అప్పటికింకా పచ్చిగానే ఉందట. పెళ్లి ముంగిట అశుభం మాట ఎందుకని ఎవరికీ చెప్పలేదు. ఆ గడ్డి మీదే పెద్దకోడలు మేసింది.

ఆ ఉదయం ఎవరికీ పాలు వెళ్లలేదు. ఆవు చేపలేదని చెబుదామా అని కొడుకు అడిగితే, అది చేపినంత ఏ ఆవూ చేపదు, దాని మీద అబద్ధం ఎందుకు అని అత్తగారు ముఖం కడుక్కుని బయల్దేరింది. పాలు పోసే ఇళ్లన్నింటికీ కోడలిని వెంటబెట్టుకుని తిరిగింది. ఎవరింట్లో కాచకుండా తాగారో అడిగింది, జ్వరాలేమైనా ఉంటే చూపించుకోమంది. ఒకరిద్దరు ముఖం మాడ్చుకున్నారు. పక్కవీధి రొట్టెల దుకాణం ఆవిడ అంతా విని, కోడలొచ్చిన వేళావిశేషం అని నిట్టూర్చింది. ఇన్నాళ్లూ ఏ మాటకు భయపడిందో అది అలా ఎదురుగా వచ్చి నిలబడింది. అత్తగారికి మెట్లు దిగి ఎక్కి ఆయాసంగా ఉంది. గుమ్మం పట్టుకుని, "వేళ మంచిది కాబట్టే తెలిసింది. లేకపోతే నువ్వింకా ఆ పాలే పిండిలో కలుపుతూ ఉండేదానివి" అని చెప్పి తర్వాతి ఇంటికి నడిచింది.

నెత్తురు పరీక్షలు వచ్చాయి. ఆవుకు జబ్బు ఖాయం. అత్తగారికీ ఖాయం. డాక్టరు రెండు రకాల మాత్రలిచ్చి, జ్వరం తగ్గినా వారాల తరబడి మానకుండా వేసుకోవాలన్నాడు. కొడుక్కి ప్రస్తుతానికి ఏమీ లేదు, కొన్నాళ్లాగి మళ్లీ చూడాలన్నాడు. మేనమామకు ఫోను చేస్తే అతను ఆ ఆవును ఎప్పుడో అమ్మేశానన్నాడు. ఎవరికి అమ్మాడో కనుక్కునేదాకా చిన్నకోడలు అతన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు.

ఆవును తీసుకుపోవడానికి వాహనం వచ్చిన రోజున అత్తగారు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని తనే పలుపు విప్పింది. కొత్తవాళ్లు లాగితే రాదు, నేనైతే వస్తుంది అంది. అది నిజంగానే ఆవిడ వెనకాల పొగరుగా నడిచి వాహనం ఎక్కింది. ఒక పట్టాన తల తిప్పని ఆవు ఆ రోజూ తిప్పలేదు. అదే నయమైందని అత్తగారు తర్వాత అంది. ఆ వారమంతా కొట్టం సున్నం వాసన, మందుల వాసన వేసింది. ఆవిడ వేళకు లేచి కొట్టం దాకా వెళ్లి, ఏదో మరిచిపోయినట్టు తిరిగి వచ్చేది. ప్యాకెట్టు పాలు కాచి ఇస్తే, ఇందులో మనిషి వాసనే లేదంది. కోడలి తల మాత్రం దువ్వింది. మునుపటికన్నా గట్టిగా, చిక్కులు లాగుతూ దువ్వింది. కోడలు కిక్కురుమనకుండా కూర్చుంది.

కాస్త ఓపిక వచ్చాక ఒకరోజు ఆవిడ, ఆ ఉంగరమేదో నేనూ చూడాలంది. చిన్నకోడలు పరిశోధనశాలకు తీసుకెళ్లింది. గడియారం దాచి ఉంచిన గొట్టం తెచ్చి వెలుతురుకు పెట్టాడు. అత్తగారు కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇంతేనా?" అంది. "ఇంత సన్నగా ఉంటుందా?"

పక్కనే ఇంకో వరసలో మరికొన్ని గొట్టాలున్నాయి. పోల్చడానికి జబ్బులేని కొత్త పాలు వేరే ఊరి నుంచి వచ్చేదాకా ఆగి, ఆ పొద్దునే మళ్లీ పరీక్షకు పెట్టిన పాత నమూనాలు అవి. అన్నిటిలో మీగడ తెల్లగా ఉంది, ఒకదాంట్లో తప్ప. ఆ పాలెవరివని ఆవిడ అడిగింది. ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలాయనవనీ, ఆయనకు రెండు ఆవులున్నాయనీ, మన పాల నీడ చూసి పోల్చడం వల్ల ఆయనకు ఏమీ లేదని చెప్పి పంపేశామనీ చిన్నకోడలు తల దించుకుని చెప్పింది.

"మరి ఇప్పుడు చెప్పారా?"

"ఇవాళ వెళ్లి చెప్పాలి. నెత్తురు కూడా తీసుకురావాలి."

"నేనూ వస్తాను."

మీకు నీరసం అత్తయ్యా అంటే, బండిలో కూర్చోవడానికి నీరసమేమిటి అంది.

ముసలాయన పెరట్లో ఆవుల ముందు గడ్డి వేస్తున్నాడు. పరిశోధనశాల బండి చూడగానే ఆయన చేతులు ఆగిపోయాయి. చిన్నకోడలు సూదులున్న పెట్టె పట్టుకుని, నమస్కారమండీ, ఇదివరకు మీ పాల పరీక్షలో మావల్ల ఒక పొరపాటు జరిగింది అని మొదలుపెట్టబోయింది. అత్తగారు మోచేత్తో చిన్నగా పొడిచి ఆపింది. ఆవుల దగ్గరికి నడిచి, కాస్త దూరంలోనే నిలబడి, రెంటినీ తేరిపార చూసింది.

"ఈ ఎర్రదాన్ని ఏమని పిలుస్తారన్నయ్యా?" అని అడిగింది.

ఆయన మొదట అనుమానంగా చూశాడు. తర్వాత చెప్పాడు. ఆ పేరు ఎందుకు పెట్టాడో కూడా చెప్పాడు. అది దూడగా ఉన్నప్పుడు చేసిన ఆగడాలు చెప్పడం మొదలుపెట్టాడు. అత్తగారు అరుగు మీద కూర్చుంది. పక్కన చోటు చూపిస్తే చిన్నకోడలు కూడా పెట్టె కింద పెట్టి కూర్చుంది. ఆయన చెప్పడం అయ్యేదాకా ఇద్దరూ విన్నారు.